తంజిరో – రూయి ద్వంద్వయుద్ధం: రాక్షసవధలో కరుణ స్థానం
(వృత్రాసుర వృత్తాంతంతో తులనాత్మక పరిశీలన)

వ్యాససంగ్రహం

జపాన్ అనిమే ‘డీమన్ స్లేయర్’లో తంజిరో అనే యువఖడ్గధారి రూయి అనే రాక్షసునితో చేసే ద్వంద్వయుద్ధం ఆ ధారావాహిక మొత్తానికి కీలకఘట్టంగా పేరుపొందింది. ఈ ఘట్టాన్ని చిత్రణానైపుణ్యం దృష్ట్యా మెచ్చుకున్నవారే ఎక్కువ. ఈ వ్యాసం దానిని రాక్షసవధ కథాసంప్రదాయంలో నిలిపి, ఆంధ్రమహాభాగవతం షష్ఠస్కంధంలోని వృత్రాసుర వృత్తాంతంతో పోల్చి పరిశీలిస్తుంది. శత్రువు గతం తెలియకుండానే వీరునికి కలిగే కరుణ ఈ అనిమే ప్రత్యేకత అనీ, కుటుంబబంధం విషయంలో భాగవతానికీ ఈ అనిమేకీ ఉన్న భేదమే రెండింటిలోనూ రాక్షసుని అంత్యస్థితిని నిర్ణయించిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనిమే, డీమన్ స్లేయర్, రాక్షసవధ, వృత్రాసురుడు, చిత్రకేతువు, దయావీరం, వాసన, కుటుంబబంధం.

1. ప్రవేశిక

అనకాపల్లి జిల్లా రోలుగుంట, దాని చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థులకు ఒకనాడు వృత్రాసురుని కథ చెబుతున్నాను. వృత్రుడు పూర్వజన్మలో చిత్రకేతువనే రాజు అని చెప్పగానే వెనుక వరుసలో ఒక విద్యార్థి లేచి, “రూయి కథ కూడా ఇలాగే ఉంటుంది సార్” అన్నాడు. తరగతి నవ్వింది. రూయి ఎవరో నాకు తెలియదు. ఆ అబ్బాయి రెండు మాటల్లో కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేశాడు: “చంపాక జాలిపడడం ఎందుకు సార్? జాలే ఉంటే చంపడం ఎందుకు?” అప్పుడు నేనిచ్చిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే మూలం.

కొయొహరు గొతోగె రచించి చిత్రించిన ‘కిమెత్సు నో యైబ’ అనే మాంగా (జపాన్ బొమ్మలకథ) 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే వరకు ‘వీక్లీ షోనెన్ జంప్’ వారపత్రికలో 205 అధ్యాయాలుగా వెలువడింది. దీనిని యుఫోటేబుల్ సంస్థ హరువో సొతోజాకి దర్శకత్వంలో అనిమేగా రూపొందించింది. మొదటి ధారావాహిక 26 భాగాలు 2019 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ప్రసారమయ్యాయి. ‘డీమన్ స్లేయర్’ అన్నది దాని ఆంగ్లనామం. ఈ కథాక్రమంలోని ‘ఇన్ఫినిటీ కాజిల్’ చలనచిత్రం 2025 సెప్టెంబరు 12న తెలుగు అనువాదంతో సహా మన థియేటర్లలో విడుదలైంది. అదే సంవత్సరం జనవరి 24న, యుగో సకో తదితరుల దర్శకత్వంలో జపాన్, భారతదేశాల కళాకారులు కలిసి రూపొందించిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ కూడా తెలుగులో వినిపించింది. మన రాక్షసవధను జపాన్ చిత్రకళలోనూ, జపాన్ రాక్షసవధను మన భాషలోనూ ఒకే ఏడాది చూడగలిగిన ప్రేక్షకుడు ఇప్పుడు మన తరగతిలో కూర్చున్నాడు. అతడు చేస్తున్న పోలికను పట్టించుకోవలసిన బాధ్యత తెలుగు విమర్శకు ఉంది.

2. యుద్ధసన్నివేశం

కథాకాలం 1912–1926 మధ్యనున్న తైషో యుగం. తంజిరో కొండమీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంటి పెద్దకొడుకు. అతడు ఊళ్లో బొగ్గులమ్మి తిరిగివచ్చేసరికి తల్లి, తమ్ముళ్లు, చెల్లెలు రాక్షసుని చేతిలో మరణించి ఉంటారు. బతికిన ఒక్క చెల్లెలు నెజుకో రాక్షసిగా మారుతుంది. ఆమెను తిరిగి మనిషిని చేయాలన్న సంకల్పంతో తంజిరో ఉరొకొదకి అనే గురువు దగ్గర ‘నీటి శ్వాస’ అనే ఖడ్గవిద్య నేర్చి రాక్షససంహారక దళంలో చేరతాడు.

నతగుమో పర్వతం మీద అతనికి రూయి ఎదురవుతాడు. రూయి రూపంలో బాలుడు; బలంలో రాక్షసనాయకుడు ముజాన్ కొలువులోని పన్నెండుగురు ప్రముఖుల్లో ఒకడు. అతని ఆయుధం సాలెదారం, ఉక్కును సైతం కోయగలిగినది. అతడు బలహీనులైన రాక్షసులకు తన శక్తిని పంచి, వారిని తల్లిగా, తండ్రిగా, అన్నగా, అక్కగా నటింపజేస్తూ ఒక కుటుంబాన్ని నడుపుతుంటాడు. పాత్ర సరిగా పోషించనివారికి శిక్ష తప్పదు. అది బంధం కాదనీ, భయంతో కట్టినదంతా బూటకమనీ తంజిరో అంటాడు. యుద్ధానికి అసలు కారణం ఈ మాటే. అన్నను కాపాడడానికి నెజుకో దారాలకు అడ్డుపడడం చూసిన రూయి, ఆమెను తన చెల్లెలిగా ఇచ్చేయమంటాడు. ఒకడు ఉన్న కుటుంబాన్ని నిలుపుకోవడానికీ, మరొకడు లేని కుటుంబాన్ని లాక్కోవడానికీ పోరాడుతారు.

యుద్ధారంభంలోనే తంజిరో ఖడ్గం విరుగుతుంది. నీటి శ్వాసలోని పదో రీతి అతణ్ని రూయి సమీపానికి చేరుస్తుంది గాని, రూయి రక్తంతో బిగించిన ఎర్రదారాలను అది తెంచలేదు. మరణం ఎదురైన ఆ క్షణాన గతమంతా కళ్లముందు కదులుతూ తండ్రి తంజురో నృత్యం గుర్తుకు వస్తుంది. తంజిరో నీటి రీతిని విడిచి ఆ అగ్నినృత్యరీతిలోకి మారతాడు. అదే సమయంలో నెజుకోకు స్పృహ తప్పిన స్థితిలో తల్లి కనిపించి అన్నను రక్షించమంటుంది. ఆమె రక్తం మంటై దారాలను కాలుస్తుంది, విరిగిన ఖడ్గానికి వేగాన్నిస్తుంది. రూయి తల తెగుతుంది. 2019 ఆగస్టు 10న ప్రసారమైన 19వ భాగం ఇక్కడ ముగుస్తుంది.

3. గురువిద్య – తండ్రివిద్య

ఈ ఘట్టంలో తంజిరోను ఆదుకున్నది అతడు యుద్ధం కోసం నేర్చుకున్న విద్య కాదు. కమాదో వంశంవారు ఏటా కొత్త సంవత్సరారంభంలో అగ్నిదేవతకు సమర్పించే ‘హినొకామి కగూర’ అనే నృత్యం. రోగపీడితుడైన తండ్రి మంచులో రాత్రంతా అలసట లేకుండా ఆ నృత్యం చేసేవాడు. సరైన శ్వాస తెలిస్తే ఎంతసేపైనా చేయవచ్చునని బాలుడైన తంజిరోకు చెప్పాడు. ఆ మాటకు యుద్ధంతో ఏ సంబంధమూ లేదు.

ఇటువంటి విద్యాసంక్రమణం ఉత్తరాంధ్ర పాఠకునికి కొత్త కాదు. గుండెకు కట్టిన తప్పెటను వాయిస్తూ, కాళ్లగజ్జెలతో గంతులు వేస్తూ, పాడుతూ చేసే తప్పెటగుళ్లు ఈ ప్రాంతపు యాదవుల వంశపారంపర్య కళ. పాట, దరువు, అడుగు మూడూ ఒకే ఊపిరిమీద సాగాలి. అటువంటి విద్య పుస్తకంలో ఉండదు. పెద్దవాని శరీరం నుంచి పిల్లవాని శరీరానికి చూపుద్వారా చేరుతుంది. తంజిరో తండ్రి నృత్యం కూడా అలా చేరినదే. కొడుకు దానిని నేర్చుకున్నాడనడం కంటే చూస్తూ పెరిగాడనడం సబబు. బెదిరింపుతో కుటుంబాన్ని నిర్మించబోయిన రూయిని, ఏ ఒత్తిడీ లేకుండా కుటుంబంలో సంక్రమించిన విద్యతో ఎదుర్కొనడంలో కథాశిల్పి ఔచిత్యం కనిపిస్తుంది. పైన చెప్పిన ‘బూటకం’ అన్న వాదానికి తండ్రి అడుగులే ప్రత్యక్షప్రమాణం.

4. విజయభ్రాంతి

19వ భాగం చివర గో షీనా స్వరపరచిన ‘కమాదో తంజిరో నో ఉత’ అనే గీతం వినిపిస్తుంది. సాధారణంగా ముగింపు పేర్లు వచ్చేటప్పుడు ఉండే పాట స్థానంలో, యుద్ధం సాగుతుండగానే ఈ గీతం మొదలవుతుంది. పాట, మంట, తల తెగడం ఒక్కసారిగా ముగిసేసరికి ప్రేక్షకుడు విజయం సిద్ధించిందనుకుంటాడు. వారం తరువాతి భాగంలో అసలు సంగతి తెలుస్తుంది. తంజిరో ఖడ్గం తాకకముందే రూయి తన దారంతో తన తలను తానే తెంచుకున్నాడు. రాక్షససంహారక ఖడ్గంతో తెగితేనే అతనికి మరణం. కనుక అతడు చావలేదు. తంజిరో శక్తి ఉడిగి నేలమీద పడి ఉంటాడు. చివరకు రూయిని వధించేది అనుభవజ్ఞుడైన గియు తొమియోక.

అంటే ప్రేక్షకులు అత్యంత వైభవంగా స్మరించుకునే ఈ ఖడ్గప్రహారం కథాదృష్టితో విఫలమైనది. భరతుడు నాట్యశాస్త్రంలో వీరం నుంచి అద్భుతం, రౌద్రం నుంచి కరుణం పుడతాయని చెప్పాడు. 19వ భాగం మొదటి సూత్రానికి చక్కని ఉదాహరణ. అక్కడ ఆగిపోయిన ప్రేక్షకుడు అద్భుతంతో తృప్తి పడతాడు. అయితే కథ అక్కడ ఆగదు. విజయాన్ని వీరుని చేతినుంచి తప్పించి, రెండో సూత్రం వైపు నడుస్తుంది. గెలిచి నిలుచున్నవాడు పడినవానిపై చూపే దయలో ఔదార్యమో, అహంకారమో ఉండవచ్చు. తంజిరోకు ఆ అవకాశం లేదు. అతడూ నేలమీదే పడి ఉన్నాడు.

5. రాక్షసుడెవరు?

జపాన్ పదమైన ‘ఓని’కి ఆంగ్లంలో ‘డీమన్’ అనీ, తెలుగులో ‘రాక్షసుడు’ అనీ వాడుతున్నాం. అయితే మన వాఙ్మయంలో రాక్షసత్వానికి కనీసం మూడు మార్గాలున్నాయి.

మొదటిది జన్మ. ఆదిపర్వంలోని బకాసురుడు ఇందుకు ఉదాహరణ. అతనికి గతం లేదు. ఏకచక్రపురానికి పీడగా ఉన్నాడు, భీముని చేతిలో చచ్చాడు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు చదివి పెరిగిన పాఠకులకు కత్తిపట్టిన యువకుడు, అడ్డువచ్చే రాక్షసుడు అనే జంట చిరపరిచితం. ఆ రాక్షసులూ ఎక్కువగా ఈ తెగకు చెందినవారే.

రెండోది శాపం. అరణ్యకాండలోని విరాధుడు, కబంధుడు ఈ కోవకు చెందుతారు. వారికి రాక్షసరూపం తాత్కాలికం, వధ విమోచనం. చంపినవాడే ఉపకారి కావడంవల్ల వీరునికి దుఃఖించవలసిన అవసరం ఉండదు.

మూడోది మనిషి రాక్షసుడు కావడం. ఆదిపర్వంలోని కల్మాషపాదుడు రాజు. శాపవశాన రాక్షసావేశం పొంది వసిష్ఠుని కుమారులను భక్షించాడు. చివరకు వసిష్ఠుడే మంత్రజలంతో అతణ్ని విముక్తుణ్ని చేశాడు. రూయికి దగ్గరగా వచ్చేది ఈ కథే. అయినా ఒక ముఖ్యమైన తేడా ఉంది. కల్మాషపాదుని హత్యలకు శాపం, అతనిలో ప్రవేశించిన రాక్షసుడు బాధ్యులు. రూయి చేసినదానికి రూయే బాధ్యుడు.

రూయి నడవడానికే శక్తి చాలని రోగిష్ఠి బాలుడు. ముజాన్ ఇచ్చిన రక్తంతో బలం పొందాడు, మనుషులను తినడం మొదలుపెట్టాడు. అది తెలిసిన తండ్రి కొడుకును చంపబోతే, కొడుకే తల్లిదండ్రులిద్దరినీ చంపాడు. ఆరోగ్యమైన శరీరంతో కనలేకపోయినందుకు క్షమించమని తల్లి చనిపోతూ అన్నది. తన పాపాన్ని తాము మోసి, తనతోపాటే మరణించాలని తండ్రి అనుకున్నాడన్న సంగతి రూయికి ఆ తరువాత అర్థమైంది. నిజమైన బంధాన్ని తన చేతులతోనే తెంచుకున్నానన్న ఎరుక భరించలేక బూటకపు బంధాలను అల్లుకున్నాడు. ఇందులో శాపం లేదు, పూర్వజన్మ లేదు. ఉన్నది ఒకే జన్మ, అందులోని ఒకే తప్పు.

6. వృత్రుడు – రూయి

పోతన భాగవతంలో షష్ఠస్కంధం ఏర్చూరి సింగన రచన. అందులోని వృత్రాసుర వృత్తాంతానికీ ఈ అనిమేకూ మధ్య పరస్పర ప్రభావం ఉందని ఈ వ్యాసం చెప్పదు. రెండు కథలు ఒకే సమస్యను ఎలా పరిష్కరించుకున్నాయన్నదే పరిశీలనాంశం.

సామ్యాలు నాలుగు. మొదటిది ఆయుధం. ఇంద్రుని వజ్రం దధీచి ఎముకలతో చేసినది. తంజిరో ఖడ్గానికి బలమిచ్చింది నెజుకో రక్తం. రెండు చోట్లా వీరుని ఆయుధం మరొకరి శరీరదానం. రెండోది ఆయుధభంగం. యుద్ధంలో వజ్రం ఇంద్రుని చేతినుంచి జారుతుంది. తంజిరో ఖడ్గం విరుగుతుంది. మూడోది కంఠం. వృత్రుని కంఠం తెగడానికి సంవత్సరకాలం పట్టిందని మూలభాగవతం చెబుతుంది. రూయి కంఠం కోసమే అనిమేలోని యుద్ధమంతా. నాలుగోది రాక్షసుని గతంలో కుటుంబం. ఈ నాలుగోదానిలోనే భేదం కూడా ఉంది.

చిత్రకేతువుకు చిరకాలానికి ఒక కొడుకు పుట్టాడు. సవతితల్లులు ఆ శిశువుకు విషం పెట్టారు. శోకంలో మునిగిన రాజు ముందు నారదుడు ఆ మృతశిశువు జీవుణ్ని రప్పిస్తే, ఆ జీవుడు ఏ జన్మలో వీరు తనకు తల్లిదండ్రులని ఎదురు ప్రశ్నించాడు. బంధం మాయ అన్న జ్ఞానం చిత్రకేతువుకు అలా కలిగింది. పిదప పార్వతీదేవి శాపంతో వృత్రుడై పుట్టినా ఆ జ్ఞానం చెక్కుచెదరలేదు. అందుకే యుద్ధం మధ్యలో, వజ్రం జారి సిగ్గుపడుతున్న ఇంద్రునితో, దాన్ని తీసుకుని శత్రువును కొట్టమనీ ఇది విచారించే సమయం కాదనీ వృత్రుడే ధైర్యం చెబుతాడు. ఇంద్రుడు విస్తుపోయి అతణ్ని కొనియాడతాడు. వధ అనంతరం వృత్రుని తేజస్సు భగవంతుని చేరుతుంది.

రూయి స్థితి దీనికి విలోమం. చిత్రకేతువు బంధం మాయ అని తెలిసి ముక్తుడైతే, రూయి బంధం నిజమని తెలిసి శాంతి పొందుతాడు. మరణానంతరం అతనికి తల్లిదండ్రులు కనిపిస్తారు. నరకానికైనా వెంట వస్తామంటారు. వృత్రునికి బంధమోచనమూ, రూయికి బంధప్రాప్తీ అంత్యఫలాలు. భాగవతం వైరాగ్యగ్రంథం గనుక మొదటిది సహజం. ఊరునూ కన్నవారినీ వదిలి చదువుకో ఉద్యోగానికో వెళ్లే నేటి యువప్రేక్షకునికి రెండోది హత్తుకోవడం కూడా అంతే సహజం. నా విద్యార్థికి రూయి గుర్తుకు రావడం వెనుక ఇదీ ఒక కారణం కావచ్చు.

7. వాసన: తెలియకుండా కలిగే కరుణ

పై పోలికలో మరొక భేదం ఉంది. ఇంద్రుడు వృత్రుని మాటలు విన్నాడు. రాముడు కబంధుని కథ విన్నాడు. మన కావ్యాల్లో సాధారణంగా రాక్షసుడు తన కథ చెబుతాడు, వీరుడు వింటాడు, తరువాత గౌరవమో జాలో కలుగుతుంది. తంజిరో రూయి కథ వినలేదు. మరణిస్తున్న రూయి మనసులో మెదిలిన గతాన్ని చూసినది ప్రేక్షకులే. తల తెగిన చిన్న శరీరం తమ వైపు పాకుతూ వస్తుంటే, తంజిరోకు తెలిసినది ఒక్కటే: ఆ శరీరం నుంచి అపారమైన దుఃఖపు వాసన వస్తోంది. తంజిరో ఘ్రాణశక్తి అసాధారణమైనదని కథ మొదటినుంచీ చెబుతూనే ఉంది. అతడు రూయి వీపుమీద చెయ్యి వేస్తాడు. ఆ వెచ్చదనమే రూయికి మరచిపోయిన గతాన్ని గుర్తుచేస్తుంది.

‘వాసన’ అన్న మాటకు మన శాస్త్రాల్లో గంధం అనే అర్థంతోపాటు సంస్కారం అనే అర్థమూ ఉంది. సహృదయునిలో అనాదిగా ఉన్న వాసనవల్లనే రసానుభూతి సాధ్యమని అభినవగుప్తుడు వివరించాడు. ఇతరుల దుఃఖాన్ని గ్రహించడానికి వారి చరిత్ర పూర్తిగా తెలియనక్కరలేదు. గ్రహించేవానిలో దుఃఖసంస్కారం ఉంటే చాలు. కుటుంబాన్ని ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న తంజిరోలో ఆ సంస్కారం ఉంది. జపాన్ రచయిత ఉద్దేశించకపోయినా, తెలుగు పాఠకునికి ఈ ఘట్టంలో గంధం, సంస్కారం రెండూ ఒకే మాటలో ఒదుగుతాయి.

గియు నేలమీది రూయి దుస్తులమీద కాలు పెట్టినప్పుడు తంజిరో తీయమంటాడు. మరణించినవారి తరఫున, ఇక ఎవరూ బలికాకుండా ఉండేందుకు రాక్షసుల కంఠంపై కత్తి ఎత్తడానికి వెనుకాడననీ, అయితే రాక్షసత్వానికి వగచేవానిని కాలితో తొక్కననీ, వారూ ఒకప్పుడు తనవంటి మనుషులేననీ అతని మాటల సారాంశం. భరతుడు వీరాన్ని దాన, ధర్మ, యుద్ధ భేదాలతో చెప్పగా, సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు దయావీరాన్ని చేర్చాడు. యుద్ధవీరమూ దయావీరమూ ఒకే పాత్రలో, ఒకే శత్రువు విషయంలో కలవడం ఇక్కడి విశేషం. నా విద్యార్థి ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. తంజిరో కత్తి ఎత్తినది చచ్చిపోయినవారి కోసం. చెయ్యి వేసినది చచ్చిపోతున్నవాని కోసం. రెండు బాధ్యతలూ వేర్వేరు మనుషులపట్ల గనుక ఒకటి మరొకదాన్ని రద్దు చేయదు.

8. పరిమితులు

ఈ ఘట్టంలో లోపాలు లేకపోలేదు. మరణక్షణాన రాక్షసుని గతాన్ని చూపడం ఈ అనిమేలో ఒక నియతపద్ధతిగా మారింది. ‘ఇన్ఫినిటీ కాజిల్’లో అకాజ కథ కూడా ఇదే క్రమంలో వస్తుంది. పునరావృత్తివల్ల కరుణ ఒక అలవాటుగా మారే ప్రమాదం ఉంది.

అంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటి. నతగుమో పర్వతం మీద దళసభ్యులు పలువురు దారాలకు కట్టిన బొమ్మల్లా ఆడింపబడి మరణించారు. వారి ఇళ్లు, తల్లిదండ్రులు మనకు కనిపించరు. హంతకునికి దక్కిన గతం హతులకు దక్కలేదు. ఇక్కడ మహాభారతం మరింత జాగ్రత్తగా నడిచింది. కల్మాషపాదుని కథలో హతుడైన శక్తి భార్య అదృశ్యంతి, ఆమె కొడుకు పరాశరుడు ఉన్నారు. తండ్రిమరణానికి పరాశరుడు రాక్షసజాతి మొత్తాన్ని దహించే సత్రయాగం తలపెట్టడం, పులస్త్యాదులు వారించడం కథలో భాగాలు. హతుల పక్షపు ఆగ్రహానికీ దాని హద్దుకూ అక్కడ చోటు దొరికింది. అనిమేలో ఆ పక్షం తంజిరో చెప్పిన ఒక వాక్యానికే పరిమితమైంది. ఆ వాక్యం లేకపోతే ఈ కరుణ ఏకపక్షమయ్యేది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలివి:

• తంజిరో – రూయి ద్వంద్వయుద్ధం బాహ్యంగా ఖడ్గయుద్ధం, అంతరంగంలో కుటుంబం అంటే ఏమిటన్న వివాదం. వంశపారంపర్య నృత్యం విజయసాధనం కావడం ఆ వివాదంలో తంజిరో పక్షపు వాదం.
• ప్రసిద్ధమైన ఖడ్గప్రహారం విఫలం కావడంవల్ల వీరాద్భుతాలు ఉపశమించి కరుణకు చోటు ఏర్పడింది.
• వృత్రవృత్తాంతంలో బంధం మాయ అన్న జ్ఞానం, అనిమేలో బంధం నిజమన్న జ్ఞానం రాక్షసుని అంత్యస్థితిని నిర్ణయించాయి.
• మన కథల్లో వీరుడు వినడంవల్ల తెలుసుకున్నదానిని తంజిరో వాసనవల్ల గ్రహించాడు. శత్రువు కథ తెలియకపోయినా అతని దుఃఖం తెలియవచ్చునన్నది ఈ అనిమే చేసిన చేర్పు.
• హతుల కథను విస్మరించడం దీని ప్రధానలోపం. ఆ విషయంలో కల్మాషపాదోపాఖ్యానం దీనికంటే సమగ్రం.

ఆ తరువాత ఒకనాడు అదే తరగతిలో ఈ సమాధానం చెప్పాను. ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, “మరి ఇంద్రుడు వృత్రుడి మీద చెయ్యి వేశాడా సార్?” అని అడిగాడు. వేయలేదు. వృత్రవధ తరువాత ఇంద్రుణ్ని బ్రహ్మహత్యాపాతకం వెంటాడింది, అతడు పారిపోయి తామరతూడులో దాగాడు. చంపిన చేతికి చేయవలసిన పని మరొకటి మిగిలి ఉంటుందన్న సంగతిని భాగవతం పాతకంగా చెప్పింది, అనిమే స్పర్శగా చెప్పింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివించగలిగితే షష్ఠస్కంధం నేటి విద్యార్థికి మరింత దగ్గరవుతుంది.